ఏడో తలుపు అమ్మాయి

ఫ్లీట్‌వుడ్,
3 జూన్ 1979, ఆదివారం

థెల్మా,

నీ ఉత్తరానికి జవాబు రాయడం మూడు వారాలు ఆలస్యమైంది. అలిగావేమో, నాకేం తెలుసు. వలల పని ఊపిరి ఆడనివ్వడం లేదు. పెరట్లో ఒక వల అల్లడం పూర్తవకముందే రేవు నుంచి ఇంకో కట్ట పడేసి పోతున్నారు. తాళ్ళు లాగీ లాగీ నా వేళ్ళు పెన్ను పట్టుకోమంటే మొరాయిస్తున్నాయి. నా దస్తూరీ చూసి నవ్వకు.

అమ్మ బాగానే ఉంది. నిన్న శనివారం కదా, నాలుగింటికే మంచి గౌను వేయించుకుని, తల దువ్వించుకుని టీవీ ముందు కూర్చుంది. "కార్యక్రమం ఆరున్నరకమ్మా" అంటే, "పిల్ల వచ్చేసరికి నేను జిడ్డు మొహంతో ఉండాలా?" అని నన్నే కసిరింది. తెర మీద నువ్వు మెట్లు దిగి చెయ్యి ఊపగానే తనూ ఊపింది. "చూశావా, తిన్నగా నా వంకే చూసింది!" అని పక్కింటి మిసెస్ గోర్నల్‌కి గొప్పగా చెప్పింది. మిసెస్ గోర్నల్ సంగతి తెలుసుగా, వాళ్ళింట్లో రంగుల టీవీ లేదని ప్రతి శనివారం ఇక్కడే మకాం. "పదకొండేళ్ళుగా మీ పిల్ల ఆ బహుమతి ఫ్రిజ్‌ని నిమురుతూనే ఉంది, ఒక్కసారైనా తెరిచి లోపల ఏముందో చూపించదేం?" అంటుంది. అమ్మ బాధ వేరే. "దాని చేత ఒక్క మాటైనా మాట్లాడించరేమే? జనం మూగపిల్ల అనుకోరూ?"

జూలై ఎనిమిది ఆదివారం వచ్చింది. అమ్మకి డెబ్బై ఎనిమిది నిండుతాయి. క్రిస్మస్‌కి రాలేదు, ఈస్టర్‌కీ రాలేదు. ఒక్క పూట వచ్చిపోవే. మతిమరుపు కొంచెం ఎక్కువైందంతే, కంగారు పడాల్సిందేమీ లేదు.

నీ అక్క,
మావిస్

లండన్,
17 జూన్ 1979

ప్రియమైన అక్కా,

నేనెందుకు అలుగుతాను? అలిగే తీరిక కూడా ఉండాలిగా. శరదృతువులో వచ్చే పదమూడు భాగాలూ ఇప్పుడే షూటింగు చేసేస్తున్నారు, రోజుకి రెండు. పొద్దున ఒక గౌను, మధ్యాహ్నం ఇంకో గౌను, హీల్సు మాత్రం అవే. సాయంత్రానికి పాదాలు నావి కానట్టుంటాయి.

మొన్న స్టోక్ నుంచి ఒక రొట్టెల వ్యాపారి వచ్చాడు. సౌమ్యుడు, కంగారు మనిషి. ప్రశ్నలన్నీ దాటి మూడో తలుపు వెనకున్న కుట్టుమిషను గెలుచుకున్నాడు. ఇక మామూలే, మైకు పట్టుకుని ఆట నడిపే డెస్మండ్ ఆయన భుజం మీద చెయ్యేసి, "ఉన్నది పట్టుకుని ఇంటికెళ్తావా, ఏడో తలుపు తీయమంటావా?" అన్నాడు. జనం "తీయించు! తీయించు!" అని గోల. పాపం, ఆయన తీయించమన్నాడు. తలుపు వెనక తగరపు బకెట్టు. నేను నా చిరునవ్వు చెరక్కుండా ఆ బకెట్టు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. "మా ఆవిడకి కుట్టుమిషను తెస్తానని మాటిచ్చానమ్మా" అని నా చెవిలో అన్నాడు. ఏం చెప్పను? నాకు మాట్లాడే పని లేదు కదా.

ఈసారి కెమెరాలు మార్చారు, లైట్లు మార్చారు. నాకు మేకప్పుకి ఇదివరకటికన్నా అరగంట ఎక్కువ పడుతోంది. మేకప్పు చేసే జోన్ ఊరికే నా మెడ వంక చూస్తోంది.

పుట్టినరోజుకి రాలేనక్కా. అప్పటికి తీసేది అయిపోయినా, కొత్త సంవత్సరం గురించి నిర్మాత నాతో మాట్లాడాలంటున్నాడు. అమ్మకి నీలం రంగు ఉన్ని కార్డిగన్ పంపుతున్నాను. ముత్యాల బొత్తాలవి ఎంచాను. నా తరఫున ముద్దు పెట్టు.

నీ థెల్మా

ఫ్లీట్‌వుడ్,
22 జూలై 1979, ఆదివారం

థెల్మా,

కార్డిగన్ బాగుంది. అమ్మ విప్పనంటోంది. ఉతకడానికి ఆమె నిద్రపోయేదాకా కాచుకోవాల్సి వస్తోంది.

పుట్టినరోజుకి మాంసం, బంగాళాదుంపలు వేసి హాట్‌పాట్ వండాను. మిసెస్ గోర్నల్ కేకు తెచ్చింది. అమ్మ రెండు ముక్కలు తిని ఆవిడ చెవి దగ్గరికి వంగి, "ఈ ఇంట్లో పనిచేసే ఆవిడ మంచిదే గానీ ఉప్పు చెయ్యి జారుతుంది" అంది. ఆవిడంటే నేను. అందరం నవ్వుకున్నాం.

ఏవో పాత భాగాలు మళ్ళీ వేస్తున్నట్టున్నారు, నీ జుట్టు పొడుగ్గా ఉంది. అమ్మకి అవేం పట్టవు. నిన్ను చూడగానే "థెల్మా" అంటుంది. ఒక్కసారి కూడా తడబడదు. అది మాత్రం విచిత్రమే.

నిర్మాత ఏమన్నాడు? జీతం పెంచాడా?

మావిస్

లండన్,
5 ఆగస్టు 1979

ప్రియమైన అక్కా,

నేను బాగున్నాను. చాలా బాగున్నాను. నిర్మాతతో మాటలు చక్కగా జరిగాయి. టీ తెప్పించాడు, బిస్కట్లు తెప్పించాడు, ఎంతో మర్యాదగా మాట్లాడాడు.

ఇక్కడ ఎండలు బాగా కాస్తున్నాయి. ఫ్లాటు కింద ఉన్న పూల దుకాణం మూసేశారు. ఇంతకన్నా విశేషాలేం లేవు.

వెనక వైపు నా గది అలాగే ఉందా, లేక వలలు నింపేశావా? ఊరికే అడిగాను.

థెల్మా

ఫ్లీట్‌వుడ్,
19 ఆగస్టు 1979, ఆదివారం

థెల్మా,

మీ ఛానల్ వాళ్ళ సమ్మె ఎన్నాళ్ళే? పదో తారీకు నుంచి తెర మీద నీలిరంగు పలక, దాని మీద అంతరాయానికి క్షమించమని నాలుగు ముక్కలు, వెనకాల ఏదో వాయిద్యం. అంతే. పోయిన శనివారం అమ్మ ఆ పలకనే రెండు గంటలు చూస్తూ కూర్చుంది. "ఇప్పుడొస్తుంది, తయారవుతోంది" అంటూ. ఆపేస్తానంటే చెయ్యి పట్టుకుని లాగేసింది. నిన్న ఏడ్చింది. చంటిపిల్లలా, నోరు తెరుచుకుని.

నీకిప్పుడు పనేం ఉండదుగా. కార్మికులంతా బయటే ఉన్నారని రేడియోలో చెప్పారు. నీకిది మంచి అవకాశం. రెండు రోజులు రా. టీవీలో కనపడకపోతే పోనీ, మనిషిని కళ్ళారా చూస్తుంది. బ్లాక్‌పూల్ దాకా రైలు, అక్కణ్ణుంచి ట్రామ్. నీకు తెలియని దారేం కాదు.

మిసెస్ గోర్నల్ వాళ్ళింటికి ఫోను పెట్టించుకున్నారు. నంబరు వెనకవైపు రాశాను. చేస్తే ఆవిడ నన్ను పిలుస్తుంది.

మావిస్

లండన్,
31 ఆగస్టు 1979

ప్రియమైన అక్కా,

రావాలని ఉంది. నిజంగా ఉంది. కానీ సమ్మె ఏ రోజైనా తెగిపోవచ్చు, తెగిన మర్నాడే స్టూడియోలో ఉండాలని మా అందరికీ చెప్పారు. రోజూ వెళ్ళి రిహార్సలు చేస్తున్నాం. ఇప్పుడు ఊరు దాటితే మాట పడాల్సి వస్తుంది. పదకొండేళ్ళలో ఒక్కసారీ మాట పడలేదు నేను.

అమ్మ నిజంగా ఏడ్చిందా? మిసెస్ గోర్నల్‌కి ఫోను చేద్దామని రెండుసార్లు డయల్ తిప్పాను. ఆవిడ "హలో" అనగానే పెట్టేశాను. రాంగ్ నంబర్ అని తిట్టుకునే ఉంటుంది. అమ్మని ఆవిడింటికి తీసుకొచ్చి మాట్లాడిస్తావేమోనని భయమేసింది. నా గొంతు వింటే అమ్మకి ఏదో తెలిసిపోతుంది. చిన్నప్పటి నుంచీ అంతేగా, మనం అబద్ధం చెప్తే గొంతులోనే పట్టేసేది.

అంటే, ఇప్పుడు అబద్ధమేదో ఉందని కాదు. అలసిపోయి ఉన్నానని.

నా పాత ఫోటో ఒకటి పంపుతున్నాను. శనివారాలు టీవీ మీద నిలబెట్టు.

థెల్మా

ఫ్లీట్‌వుడ్,
23 సెప్టెంబరు 1979, ఆదివారం

థెల్మా,

ఫోటో అందింది.

అమ్మకి ఇప్పుడు నయంగానే ఉంది. శనివారాలు గొడవ లేదు. పెట్టింది పెట్టినట్టు తింటోంది. నువ్వు తొందరపడి రానక్కర్లేదు. నీ పని చూసుకో.

వలల పని కూడా తగ్గింది. పడవలు సగం రేవులోనే కట్టేసి ఉన్నాయి. ఐస్‌లాండ్ వైపు చేపలకి వెళ్ళనివ్వనప్పటి నుంచీ ఈ ఊరి సంగతి ఇంతే.

మావిస్

లండన్,
7 అక్టోబరు 1979

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం చదివి నా గుండె కుదుటపడింది. ఆ తర్వాత ఎందుకో పడలేదు. ఎప్పుడూ నాలుగు పేజీలు రాసే మనిషివి, ఇంతేనా? నా మీద కోపమా?

నీతో ఒక మాట చెప్పాలి. ఉత్తరంలో కాదు, ఎదురుగా కూర్చుని. ఈ నెలాఖరుకి వస్తాను, సమ్మె తెగినా తెగకపోయినా. ఇరవై ఏడు శనివారం. అమ్మకి ముందు చెప్పకు, ఆశ పెట్టుకుని కూర్చుంటుంది.

ఆమె నన్ను గుర్తుపడుతుందా అక్కా? మేకప్పు లేకుండా నేను వేరేలా ఉంటాను. ఈ మధ్య అద్దంలో చూసుకుంటే నాకే అనుమానమొస్తోంది.

నీ థెల్మా

తంతి
ఫ్లీట్‌వుడ్, 14 అక్టోబరు 1979

అమ్మ ఈ ఉదయం పోయింది. నెమ్ము చేసింది. గురువారం సమాధి. రా. మావిస్.

ఫ్లీట్‌వుడ్,
4 నవంబరు 1979, ఆదివారం

థెల్మా,

సమ్మె తెగింది, నీకు తెలిసే ఉంటుంది. నిన్న సాయంత్రం ఆరున్నరకి 'ఏడో తలుపు' వచ్చింది. చూడకూడదనుకున్నాను. కానీ మిసెస్ గోర్నల్ అలవాటు ప్రకారం తన కుర్చీ లాక్కుని కూర్చుంది, ఆవిణ్ణి పొమ్మనలేకపోయాను. అమ్మ కుర్చీలో ఎవరం కూర్చోలేదు.

నువ్వు ఆకుపచ్చ గౌనులో మెట్లు దిగి వచ్చావు. చెయ్యి ఊపావు. ఆ రొట్టెల వ్యాపారి వచ్చాడు, నువ్వు రాసిన మనిషే. బకెట్టు మీద చెయ్యి వేసి నవ్వావు. పదిహేను రోజుల కిందట సమాధి దగ్గర నిన్ను చూశాను కదా, అప్పుడు నీ మొహం వేరే. ఏ మొహం నీదో నాకు తెలియలేదు.

సరే, అది వదిలెయ్. అసలు సంగతికొస్తాను. కార్యక్రమం అయ్యాక మిసెస్ గోర్నల్ చేతిసంచీలోంచి పేపరు తీసింది. "మావిస్, నీకు చూపించాలా వద్దా అని పొద్దుణ్ణుంచీ తర్జనభర్జన పడుతున్నాను. నువ్వు చూడటమే మంచిదమ్మా" అంది. అందులో ఇరవై రెండేళ్ళ పిల్ల ఫోటో. జనవరి నుంచి ఏడో తలుపు తీసేది తనేనట. ఆ పిల్లని జూలైలోనే ఎంచుకున్నారట. "పదకొండేళ్ళ పాటు ప్రేక్షకులను అలరించిన థెల్మా వేసవిలోనే సెలవు తీసుకుంది" అని కింద రాశారు.

వేసవిలోనే.

నేను ఆ మాట ఎన్నిసార్లు చదివానో తెలుసా? జూలైలో నీ పని పోయింది. ఆగస్టులో నువ్వు ఖాళీ. సెప్టెంబరులో ఖాళీ. నీలిరంగు పలక ముందు కూర్చుని అమ్మ ఏడుస్తోందని నేను రాస్తే, రోజూ రిహార్సలుకి వెళ్తున్నానని నువ్వు రాశావు. ఏ రిహార్సలే? దేనికి? రైలుకి నాలుగు గంటలు. నాలుగంటే నాలుగు గంటలు! సమాధి దగ్గర నా పక్కన నిలబడి, నా చెయ్యి పట్టుకుని కూడా చెప్పలేదు. "స్టూడియోలో అడిగి వచ్చాను, రేపు వెళ్ళిపోవాలి" అన్నావు. సమాధి అయ్యాక ఇంట్లో పెట్టిన రొట్టె, మాంసం కూడా నిలబడే తిని వెళ్ళిపోయావు. పెద్ద పనిమంతురాలివని నేనే అత్తల దగ్గరా చుట్టాలందరి దగ్గరా నిన్ను వెనకేసుకొచ్చాను.

ఎందుకు రాలేదో చెప్పు. పొడుగ్గా రాయనక్కర్లేదు.

మావిస్

లండన్,
13 నవంబరు 1979

అక్కా,

పేపర్లో వచ్చింది నిజమే.

జూలై పన్నెండున పిలిచాడు నిర్మాత. టీ, బిస్కట్లు అని రాశానే, అవీ నిజమే. "థెల్మా, నీ అంత చక్కగా ఫ్రిజ్‌కి గౌరవం తెచ్చిన మనిషి లేదు" అన్నాడు. నవ్వాడు. నేనూ నవ్వాను. అలవాటైపోయింది కదా. తర్వాత కొత్త కెమెరాల గురించి చెప్పాడు. ముప్ఫై తొమ్మిదేళ్ళు అనే మాట తను అనలేదు, నా చేత అనిపించాడు. డెస్మండ్‌కి అరవై రెండు. ఆయనకి కొత్త సూట్లు కుట్టిస్తున్నారు.

ఆ రోజు నడిచే ఇంటికి వచ్చాను. నీకు రాద్దామనే కూర్చున్నాను. "అక్కా, నన్ను తీసేశారు" అని రాసి చించేశాను. మర్నాడూ రాశాను, చించేశాను. నీ ఉత్తరం వచ్చింది, అందులో అమ్మ నన్ను చూసి తడబడకుండా పేరు పెట్టి పిలుస్తోందని ఉంది. ఆలోచించు అక్కా. అమ్మ బుర్రలో అన్నీ చెరిగిపోతున్నాయి, మిగిలింది టీవీలో ఉన్న థెల్మా ఒక్కతే. ఆ థెల్మాని నేను ఎక్కణ్ణుంచి తేవాలి? ఉద్యోగం పోయి, కళ్ళు ఉబ్బి, జుట్టు కుదుళ్ళ దగ్గర తెల్లబడిన ఆడది ట్రామ్ దిగి వచ్చి "అమ్మా, నేనే" అంటే, "నువ్వెవరు?" అంటుందని భయమేసింది. నిన్ను అలా అంటోందని నువ్వు నవ్వుతూ రాశావు. నాకంత ధైర్యం లేదు. తను గుర్తుపట్టే థెల్మాగానే ఉండిపోదామనుకున్నాను. దూరంగా.

ఆగస్టు నుంచి క్రోయిడన్‌లో ఒక పెద్ద దుకాణంలో పని చేస్తున్నాను. పిండి కలిపే మిషన్లు ఎలా వాడాలో చూపించాలి. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదున్నర దాకా మాట్లాడుతూనే ఉండాలి. శనివారాలు జనం మరీ ఎక్కువ. ఆడవాళ్ళు ఆగి, "నువ్వు ఏడో తలుపు అమ్మాయివి కదూ!" అంటారు. "సమ్మె కదండీ, ఊరికే కాలక్షేపానికి" అని చెప్పేదాన్ని. సమ్మె ఉన్నన్నాళ్ళూ ఆ అబద్ధం చెల్లింది. ఎప్పటికీ తెగకపోతే బాగుండునని కోరుకున్నాను. అక్కడ అమ్మ ఆ పలక ముందు కూర్చుని ఏడుస్తోందని తెలిసి కూడా కోరుకున్నాను. ఇది నీకు చెప్పకుండా ఉండవచ్చు. చెప్పేస్తున్నాను.

ఇరవై ఏడుకి టిక్కెట్టు కొన్నాను. అది మాత్రం అబద్ధం కాదు. దుకాణంలో సెలవు అడిగాను, అమ్మతోనూ నీతోనూ అంతా చెప్పేద్దామనుకున్నాను. పదమూడు రోజులు ముందే నీ తంతి వచ్చింది.

సమాధి దగ్గర ఎందుకు చెప్పలేదంటావు. పెట్టె దింపుతుంటే అందరూ నా వంక చూస్తున్నారక్కా. అమ్మ వంక కాదు, నా వంక. చర్చి వాకిట్లో ఒకావిడ నా సంతకం అడిగింది. పెట్టాను. పెట్టాక నా చెయ్యి చూసుకుంటే అసహ్యమేసింది.

నన్ను తిట్టు. ఎంత కావాలంటే అంత తిట్టు. కానీ ఒక్కటి చెప్పు. చివర్లో నన్ను అడిగిందా?

థెల్మా

ఫ్లీట్‌వుడ్,
25 నవంబరు 1979, ఆదివారం

థెల్మా,

తిడదామనే కూర్చున్నాను. పోయిన ఆదివారం మూడు పేజీలు తిట్టాను కూడా. పొయ్యిలో వేసేశాను. తిట్టే హక్కు నాకు సగమే ఉంది. మిగతా సగం సంగతి ఇప్పుడు రాస్తాను, చదివాక నువ్వు నన్ను ఏమైనా అనుకో.

సెప్టెంబరు ఎనిమిది. అప్పటికి నాలుగు శనివారాలు తెర ఖాళీ. అమ్మ పొద్దుణ్ణుంచీ ఏమీ తినలేదు. సాయంత్రం నా రెండు చేతులూ పట్టుకుని ఊపేస్తూ, "దాన్ని ఎక్కడ దాచావు? నా పిల్లని ఏం చేశావు? నువ్వొచ్చాకే అది కనబడకుండా పోయింది" అని అరిచింది. మిసెస్ గోర్నల్ బెదిరిపోయి వాళ్ళింటికి వెళ్ళిపోయింది. నేను పైకెళ్ళి తలుపేసుకున్నాను. నీ గదిలోనే. బీరువాలో నీ పాత గౌను ఉంది, ఏడేళ్ళ కిందట స్టూడియో వాళ్ళు వద్దంటే తెచ్చి పడేసిన ఊదా రంగుది. ఎందుకు వేసుకున్నానో నన్ను అడగకు. వెనక జిప్పు సగం దాకానే వచ్చింది. వీపు కనపడకుండా శాలువా కప్పుకుని, పెదాలకి ఎర్రరంగు రాసుకుని మెట్లు దిగాను. నలభై ఆరేళ్ళ దాన్ని, వలలు అల్లుకునే దాన్ని. సగం మెట్ల దగ్గర ఆగి చెయ్యి ఊపాను.

అమ్మ ఏడుపు ఆపేసింది. "థెల్మా! వచ్చావుటే!" అంది.

నేను వంటింటి సామాన్ల గది దాకా నువ్వు నడిచినట్టు నడిచాను. తలుపు తెరిచి, పిండి డబ్బా మీద చెయ్యి వేసి నవ్వాను. అమ్మ చప్పట్లు కొట్టింది. మార్మలేడు సీసా మీద చెయ్యి వేశాను. దానికీ కొట్టింది. తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని, "మాట్లాడవే, ఇక్కడ ఎవరూ నిన్ను ఆపరు" అంది. నేనేం మాట్లాడానో గుర్తులేదు. రొట్టె, పాలు నా చేత్తో పెడితే తినేసింది. నా బుగ్గ మీద ముద్దు పెట్టుకుంది. అమ్మ నాకు ముద్దు పెట్టి ఎన్నేళ్ళయిందో నీకు తెలియదు, నాకు తెలుసు.

ఆ తర్వాత ప్రతి శనివారం అంతే. "శనివారాలు గొడవ లేదు, తొందరపడి రానక్కర్లేదు" అని నీకు రాశానే, అది ఇందుకు. నువ్వు వస్తే నేను మళ్ళీ ఉప్పు ఎక్కువేసే పనావిణ్ణి అయిపోతాను. వారానికి ఒక గంట ఆమె కళ్ళు నన్ను చూసి వెలుగుతున్నాయి, పేరు నీదైతేనేం. ఆ గంట నీకు ఇవ్వడం నాకిష్టం లేకపోయింది. మిసెస్ గోర్నల్ వాళ్ళ ఫోను ఉంది, అందులో ఒక్క అరుపు అరిస్తే నువ్వు వచ్చేదానివి. అరవలేదు. నువ్వు నాలుగు గంటల దూరం రాలేదని ఎగిరాను గానీ, నిన్ను రానివ్వనిది నేనే.

చివర్లో అడిగిందా అన్నావు. చెప్తాను.

అక్టోబరు పదమూడు, శనివారం. జ్వరంతో మంచం మీదే ఉంది. డాక్టరు పొద్దున చూసి వెళ్ళాడు, మందు రాశాడు, ఎక్కువ ఆశ పెట్టుకోవద్దన్నాడు. సాయంత్రమయ్యేసరికి కళ్ళు తెరిచి గుమ్మం వంకే చూస్తోంది. సరేనని గౌను తొడుక్కుని వచ్చాను. పడకగదిలో ఉన్నది బట్టల బీరువానే కదా, అదే తెరిచాను. చప్పట్లు కొట్టే శక్తి లేదు, వేళ్ళు మాత్రం కదిపింది. దగ్గరికి రమ్మంది.

"థెల్మా, ఆవిడకి ఏమైనా ఇచ్చావా?" అంది.

"ఏ ఆవిడకమ్మా?"

"ఈ ఇంట్లో ఉంటుంది చూడు. చేతులు గరుకే. కానీ నన్ను ఎత్తి కూర్చోబెట్టేటప్పుడు నొప్పి తెలియనివ్వదు. నేను తిడతాను. ఒక్క మాట తిరిగి అనదు." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఎవరి పిల్లో మరి. వాళ్ళమ్మ పుణ్యం చేసుకుంది."

థెల్మా, ఆవిడ నేనేనమ్మా అని చెప్పేయొచ్చు. నాలుక చివర దాకా వచ్చింది. కానీ నేను మావిస్‌నైతే ఆ గదిలో థెల్మా ఉండదు. ఆమెకి నువ్వు కావాలి. అందుకని నీలాగే నవ్వి, "ఆవిడకి చెప్తానమ్మా" అన్నాను. "చెప్పు" అంది. అంతే. మర్నాడు టీ పట్టుకుని వెళ్ళేసరికి అయిపోయింది.

కాబట్టి నిన్ను అడిగింది. నువ్వు ఉన్నావనే అనుకుని పోయింది. నన్నూ అడిగింది. నేను ఉన్నానని తెలియకుండా పోయింది. ఇందులో ఎవరి పాలు ఎక్కువో లెక్కతేల్చడానికి ఆరు వారాలుగా చూస్తున్నాను, నాకు తేలలేదు. నిన్ను క్షమించానని రాయను, ఇంకా లేదు. నువ్వూ నన్ను క్షమించానని తొందరపడి రాసేయకు.

మొన్న మిసెస్ గోర్నల్ అడిగింది, "థెల్మా ఏమంటోంది?" అని. "బాగానే ఉందిట" అన్నాను. అనగానే నాకే ఒళ్ళు మండింది. ఆర్నెల్లుగా మనిద్దరం ఒకరికొకరం రాసుకున్న మాట అదే. అమ్మ బాగానే ఉంది, నేను బాగున్నాను, నిర్మాత బాగా మాట్లాడాడు, శనివారాలు బాగున్నాయి. ఉత్తరాలు మనకి అచ్చిరాలేదే. పెన్ను చేతికొస్తే చాలు, ఇద్దరం బాగైపోతాం.

దీనికి జవాబు రాయకు. ఫలానా రోజు వస్తానని కూడా రాయకు. నీకు వీలైన రోజు ట్రామ్ ఎక్కి వచ్చి నా ఎదురుగా కూర్చో. మేకప్పు వద్దు. మాటలు రాకపోతే రాకపోనీ. ఏడుపొస్తే ఇద్దరం ఏడుద్దాం, నువ్వు నీలాగ, నేను నాలాగ.

మావిస్